నమ్మినవానిని లెక్క అడగవచ్చునా?



సంవత్సరాంతపు సంఘ కూడికల సమయం వచ్చినప్పుడల్లా మా దగ్గరకు ఒక ప్రశ్న వస్తూ ఉంటుంది. అడిగే సంఘం మారుతుంది, ఊరు మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. "అయ్యా, మా కోశాధికారిగారు మంచివారు, ప్రార్థనాపరులు. ఆయనను లెక్క చూపించమని అడిగితే అనుమానించినట్లు కాదా? ప్రేమ అన్నిటిని నమ్ముతుందని పౌలు భక్తుడు చెప్పలేదా?" అని కొందరు అడుగుతారు. "అడగకపోతే మేము దేవునికి ఏమని సమాధానం చెప్పాలి?" అని మరికొందరు అడుగుతారు. రెండు మాటలలోనూ మనస్సాక్షి ఉన్నది. గనుక ఈ సంచికలో దీనిని గూర్చి కొంత నిదానంగా ఆలోచింతము.

మొదట మాకు తెలిసిన ఒక సంగతి చెప్తాము. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ అవసరం లేదు.

మాలో కొందరం సభ్యులుగా ఉన్న ఒక సంఘంలో ఒక పెద్దాయన పంతొమ్మిది సంవత్సరాలు కోశాధికారిగా ఉన్నారు. మిల్లు పని చేసుకొనేవారు. ఆదివారం ఆరాధన ముగిశాక కానుక సంచి ఆయన చేతికి వెళ్లేది. ఇంటికి తీసుకువెళ్లి లెక్కపెట్టి, పొడుగాటి పద్దు పుస్తకంలో వ్రాసుకొని బీరువాలో దాచేవారు. పాస్టరుగారి జీతం ఒకటో తారీఖు తప్పేది కాదు. ఎవరింట చావు జరిగినా పెట్టె ఖర్చుకు తలుపు తట్టేది ఆయన ఇంటినే. ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. అడగవలసిన పని ఉందని కూడ ఎవరికీ తోచలేదు.

మందిరం పైకప్పు కోసం ప్రత్యేక చందాలు వసూలయిన సంవత్సరం, సంఘ కూడికలో ఇద్దరు యౌవనస్థులు లేచి, "ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుంది" అన్నారు. వారు మర్యాదగానే అడిగారు. ఆ పెద్దాయన లేచి నిలబడ్డారు. బీరువా తాళాలు తీసి బల్లమీద పెట్టారు. "పంతొమ్మిదేళ్లు అడగని లెక్క ఈ రోజు అడిగారంటే నన్ను దొంగ అన్నట్లే గదా బాబూ" అని, చేతికర్ర తీసుకొని వెళ్లిపోయారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆయన కుమార్తె వివాహం వేరే సంఘంలో జరిగింది. నాలుగేళ్ల తరువాత ఆయన సమాధి కార్యక్రమమూ అక్కడే జరిగింది.

ఆ తరువాత వారి భార్య ఆ పద్దు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి మాకు ఇచ్చారు. మాలో ఇద్దరం రెండు సాయంత్రాలు కూర్చొని మొదటి పుట నుండి కూడాము. పదకొండు చోట్ల సంఘానికి డబ్బు చాలని నెలల్లో "నా చేతి నుండి" అని వ్రాసి తన సొంత డబ్బు వేశారు. వాటిలో ఒక్కటీ తిరిగి తీసుకొన్నట్లు లేదు. అయితే పైకప్పు పనిలో ఒక చోట ఆరు వందల రూపాయలకు పద్దు లేదు. ఇసుకకు ఇచ్చి వ్రాయడం మరచిపోయారో, కూలికి ఇచ్చారో, మరేమయిందో మాకు తెలియలేదు. చెప్పగలిగిన మనిషి మట్టిలో ఉన్నాడు. ఆయన నమ్మకస్థుడని మేము మనసారా నమ్ముతున్నాము. కాని ఎవరైనా ఎదురు నిలిచి "ఆ ఆరు వందల మాటేమిటి?" అని అడిగితే ఆయన పక్షాన చూపించడానికి మా దగ్గర ఒక్క సంతకమైనా లేదు.

ఆ రెండు సాయంత్రాలు మాకు నేర్పిన పాఠం ఇది. ఆయనను గాయపరచింది ఆ ఇద్దరు పిల్లలు అడిగిన ప్రశ్న కాదు. పంతొమ్మిదేళ్లు ఆ ప్రశ్న అడగకుండా ఊరుకొన్న సంఘమే ఆయనను గాయపరచింది. ప్రతి నెలా లెక్క చదివే వాడుక ఉండి ఉంటే, ఆ రోజు ప్రశ్న ప్రశ్నగానే వినబడేది, నిందగా వినబడేది కాదు. అలవాటు లేని చోట అడిగినదంతా అనుమానమే అవుతుంది.

వాక్యం ఏమి చెప్తున్నది?

లెక్క అడగరాదనే సహోదరులకు లేఖనాల్లో ఒక గట్టి ఆధారమే ఉంది. దానిని దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో, యోవాషు రాజు కాలంలో మందిరపు మరమ్మతులు జరిగినప్పుడు, పనివారికి ఇచ్చుటకై డబ్బు అందుకొన్న మనుష్యులు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని ఉంది. 22వ అధ్యాయంలో యోషీయా కాలంలోనూ అదే మాట కనబడుతుంది. "చూశారా, నమ్మకస్థులను లెక్క అడగకూడదు" అంటారు.

కాని ఆ అధ్యాయం మొదటి నుండి చదవండి. మొదట రాజు ఆ డబ్బంతా యాజకుల చేతికే విడిచిపెట్టాడు. ఇరువది మూడవ సంవత్సరం వచ్చినా మందిరం బాగుపడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం దగ్గర కుడి ప్రక్కన ఉంచాడు. పెట్టెలో డబ్బు ఎక్కువైనప్పుడు రాజు యొక్క లేఖికుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చి లెక్కించి సంచులలో కట్టేవారు. అంటే డబ్బు లోపలికి వచ్చే చోట నాలుగు కళ్లు ఉన్నాయి. అవి కూడ ఒకే వర్గానికి చెందిన కళ్లు కావు, ఒకరు రాజాస్థానం వారు, ఒకరు మందిరం వారు. ఆ విధంగా లెక్క తేలిన డబ్బును పంచిన పనిపెద్దలను మాత్రమే మళ్లీ లెక్క అడగలేదు. లెక్క చూసే కట్టుబాటు మీదనే ఆ నమ్మకం నిలిచింది.

ఇంకొక్క మాట గమనించండి. ఇరువది మూడవ సంవత్సరం వరకు మరమ్మతు చేయని ఆ యాజకులను వాక్యం దొంగలు అనలేదు. రాజు వారి మీద విచారణ పెట్టలేదు. వారు తమ బాధ్యత విడిచిపెట్టడానికి ఒప్పుకొన్నారు, కొత్త ఏర్పాటు వచ్చింది. పద్ధతి మార్చడానికి మనిషిని నేరస్థుణ్ణి చేయనవసరం లేదని ఆ అధ్యాయమే మనకు నేర్పుతున్నది.

ఎజ్రాను చూడండి. యెరూషలేముకు ప్రయాణమైనప్పుడు దారిలో శత్రువుల భయం ఉంది. అయినా రాజును సైనికులను అడగడానికి ఆయన సిగ్గుపడ్డాడు. మా దేవుడు మమ్ములను కాపాడునని చెప్పి, ఉపవాసముండి బయలుదేరాడు. అంత విశ్వాసం గల మనిషి ఆ అధ్యాయంలోనే వెండి బంగారాలను త్రాసులో తూచి పండ్రెండుగురు యాజకులకు అప్పగించాడు. యెరూషలేము చేరిన నాల్గవ దినాన దేవుని మందిరంలో మళ్లీ తూచారు, సంఖ్యా తూనికా చూసి అప్పుడే వ్రాసుకొన్నారు (ఎజ్రా 8). ఆ యాజకులు యెహోవాకు ప్రతిష్ఠితులని ఎజ్రాయే చెప్పాడు. ప్రతిష్ఠితులు గదా అని తూనిక మానలేదు. దేవునిమీద విశ్వాసానికీ త్రాసుకూ విరోధం లేదు.

పౌలు కూడ అంతే. యూదయలోని బీదల కొరకు సంఘాల చందా పోగు చేసినప్పుడు ఒంటరిగా మోసుకుపోలేదు. తీతుతో కూడ సంఘాలు ఏర్పరచుకొన్న సహోదరులను పంపాడు. ఆ విరాళం విషయంలో తమమీద ఎవరూ తప్పు మోపకుండ జాగ్రత్తపడుతున్నామనీ, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడ యోగ్యమైనవాటినే ఆలోచిస్తున్నామనీ చెప్పాడు (2 కొరింథీ 8:18–21). తాటిచెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అంటారని మన పెద్దలు ఊరికే అనలేదు. పాలు త్రాగేవాడు చెట్టు క్రింద నుండి లేచి నలుగురి మధ్యకు రావాలి. అలా రావడానికి దారి చూపించడం సంఘం బాధ్యత.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలోనూ ఈ జాగ్రత్త ఉంది. 1876–78 మహా కరవులో ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలిపని కల్పించారు. ఆ కాలంలో బాప్తిస్మము అడిగినవారు అనేకులు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని ఆయన బాప్తిస్మాలు ఆపారు. కరవు సహాయం ముగిశాకనే 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అడిగినవారిని అనుమానించి ఆపారని మేము అనుకోము. వారి విశ్వాసం మీద రేపు ఎవరూ వేలు చూపకూడదని ఆపారు. లెక్క చదవడమూ అటువంటిదే. అది ఎక్కువగా నిర్దోషికే అక్కర.

వలసవచ్చిన సంఘాల ప్రత్యేకమైన చిక్కు

మన సంఘాలకు ఇంకొక చిక్కు ఉంది. సొంత ఊరిలో ఉన్న సంఘాలకు ఇది ఇంతగా ఉండదు. కోలారులోగాని, చెన్నైలోగాని, బరంపురంలోగాని, ముంబయిలోగాని మనం కొద్ది కుటుంబాలవారం. కోశాధికారి ఒకరికి మేనమామ, మరొకరికి వియ్యంకుడు. లెక్క అడిగితే పెళ్లి సంబంధం చెడుతుందేమోనని భయం. "ఇతర భాషలవారి మధ్య ఉన్నాము, మన ఇంటి గుట్టు బయట పడితే నవ్వుతారు" అనే భయం దానికి తోడు. ఈ భయాలు ఉత్తవని మేము అనము. కాని గుట్టుగా ఉంచినది ఒకనాడు రట్టయితే నవ్వు పదింతలవుతుంది. తగవు కోర్టు వరకు వెళ్లి, మందిరానికి తాళం పడితే, ఆ ప్రాంతంలో తెలుగు ఆరాధనకు వేరే చోటు కూడ ఉండదు.

యెరూషలేము సంఘంలో మొదటి సణుగుడు ఎవరి నుండి వచ్చిందో చూడండి. గ్రీకు భాష మాట్లాడే యూదుల నుండి వచ్చింది. వారు ఇంట పరభాష మాట్లాడేవారు, చాలామంది దూరదేశాలలో ఉండి వచ్చిన కుటుంబాలవారు. అంటే కొంతవరకు మనవంటివారు. అనుదిన పరిచర్యలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని వారు అన్నారు. అపొస్తలులు "మమ్ములనే అనుమానిస్తారా?" అని కోపగించలేదు. సణిగినవారిని గద్దించలేదు. మీలో మంచిపేరు పొందిన ఏడుగురిని మీరే ఏర్పరచుకొనండి అన్నారు. ఏర్పడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే (అపొ. కార్యములు 6). ఎవరికి నొప్పి కలిగిందో వారి భాషవారి చేతికే బల్ల అప్పగించారు. ఆ తరువాత వాక్యం ప్రబలమైందని అక్కడే వ్రాయబడింది.

మరి ఆ డబ్బు ఎవరిది? బెంగుళూరు, చెన్నై వీధులు తెల్లవారకముందే ఊడ్చే తల్లులది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత చీకటితోనే రైలెక్కి బెంగుళూరు పనికి పోయి రాత్రికి ఇల్లు చేరేవారిది. పొయ్యి వెలిగించేముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యానిది. మన ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చొని జనులు డబ్బు వేయడం చూశాడు, బీద విధవరాలి రెండు కాసులు చూశాడు. దానికి ముందు వచనంలోనే విధవరాండ్ర ఇండ్లు మ్రింగేవారిని గూర్చి హెచ్చరించాడు (మార్కు 12:40–44). ప్రభువే కూర్చొని చూసినదానిని మనం చూడటం తప్పెలా అవుతుంది?

"నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు గదా" అని కొందరు అంటారు. అది ఇచ్చేవాని పేరును గూర్చిన మాట. ఎవరు ఎంత ఇచ్చారో గుప్తంగానే ఉండనివ్వండి. మొత్తం ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అనేది మాత్రం సంఘమంతటికీ తెలియాలి.

అడగడంలో కూడ పాపం ఉండవచ్చు

ఇంతవరకు చెప్పినది విని, లెక్క అడిగిన ప్రతివాడూ నీతిమంతుడని అనుకోవద్దు. ఓడిపోయిన ఎన్నికకు పగ తీర్చుకోవడానికి లెక్క అడిగేవారిని మేము చూశాము. బల్ల ముందు ఒక్క మాట అనకుండా, వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి ప్రశ్నలు పెట్టి పదిమంది నవ్వేటట్లు చేసేవారినీ చూశాము. అది కాపలా కాదు, రాళ్లు రువ్వడం. నెలనెలా చదివిన లెక్కలో సందేహం వస్తే మొదట ఆ సహోదరుని ఇంటికి వెళ్లి ఒంటరిగా అడగండి. తీరకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకొని వెళ్లండి. ఆ తరువాతనే సంఘానికి తెలపండి. మత్తయి 18లో ప్రభువు పెట్టిన వరుస ఇది. పెద్దవారిని నిలదీసినట్లు కాక, "అయ్యగారూ, ఈ పద్దు మాకు అర్థం కాలేదు, కాస్త చెప్తారా?" అంటే సగం వేడి చల్లారుతుంది.

లెక్క ఇచ్చేవారికి మాదిరి సమూయేలు. ముసలితనంలో ఆయనే జనులను పిలిచి, నేను ఎవని ఎద్దును తీసుకొన్నాను, ఎవని సొమ్ము అన్యాయంగా పట్టాను, సాక్ష్యమియ్యండి అని అడిగాడు (1 సమూయేలు 12). ఎవరూ అడగకముందే అడిగాడు. అలా తనంతట తాను పుస్తకం తెరిచే కోశాధికారి ఉన్న సంఘం ధన్యమైనది.

ఇక ఆచరణలో

బాప్తిస్టు సంఘం తన పాలన తానే చేసుకొంటుంది. మీదనుండి వచ్చి సరిదిద్దే బిషప్పు మనకు లేడు. ఆ స్వాతంత్ర్యం మనకు ప్రియమైనదే గాని, దానితోపాటు భారం కూడ మనమీదనే పడింది. గనుక ఈ కొద్ది ఏర్పాట్లు ప్రతి సంఘమూ చేసుకోవాలని మా మనవి.

కానుక మందిరంలోనే, ఆరాధన అయిన వెంటనే లెక్కించాలి. ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు లెక్కించి, నోట్ల వారీగా వ్రాసి సంతకం చేయాలి. వారిలో ఒకరు స్త్రీల సమాజం నుండి ఉంటే మంచిది. సోమవారం ఆ మొత్తం బ్యాంకులో పడాలి. 2016 నవంబరులో పాత 500, 1000 నోట్లు రద్దయినప్పుడు, ఇంటి బీరువాలో ఉన్న సంఘ ధనం ఎవరి పేరున వేయాలనే చిక్కు ఎలాంటిదో కొందరికి జ్ఞాపకముండే ఉంటుంది.

బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉండాలి, చెక్కుకు ఇద్దరి సంతకాలు కావాలి. ఒకరు ముందుగానే ఖాళీ చెక్కుల మీద సంతకం చేసి ఇచ్చే వాడుక కొన్ని చోట్ల ఉంది. అది రెండు సంతకాలు కాదు, ఒక్కటే. మందిరం గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ సంఘ ఖాతాకే చేరాలి, పాస్టరుగారి ఫోనుకో, కోశాధికారిగారి ఫోనుకో కాదు. వారు ఎంత మంచివారైనా సరే.

పైకప్పు కొరకు ఇచ్చినది పైకప్పుకే. కోతపండుగ వేలంపాటలో పాడినవారి పేరు, మొత్తం అక్కడికక్కడే వ్రాసుకోవాలి. సంఘ డబ్బులో ఒక్క రోజుకైనా చేబదులు తీసుకోరాదు, ఇవ్వరాదు. యూదా దగ్గర సంచి ఉండేది. ఆ రాత్రి అతడు లేచి వెళ్తే, పండుగకు ఏదో కొనడానికో బీదలకు ఇవ్వడానికో పోతున్నాడని తోటి శిష్యులు అనుకొన్నారు (యోహాను 13:29). వారి నమ్మకం అతనిని శోధన నుండి కాపాడలేకపోయింది.

నెల చివరి ఆదివారం లెక్కను పైకి చదవండి. కాగితం అంటిస్తే సరిపోదు. మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడుతారు గాని చదవలేరు. వారు చదివినది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. పెద్దలలో కొందరికి ఏ అక్షరమూ రాదు. చెవితో వింటే అందరిదీ అవుతుంది. సహాయం పొందిన బీదల పేర్లు మాత్రం చదవవద్దు, ఇన్ని కుటుంబాలకు ఇంత అని చెప్పండి చాలు.

రిజిస్టరయిన సంఘాలు మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం, కర్ణాటకలో 1960 నాటి, తమిళనాడులో 1975 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటేటా లెక్కలు దాఖలు చేయవలసినవే. ప్రభుత్వ ఆఫీసుకు ఇచ్చే లెక్కను కానుక ఇచ్చిన ముసలమ్మకు చెప్పకపోవడం ఏమి న్యాయం? ఏడాదికి ఒకసారి కమిటీలో లేని ఇద్దరు పుస్తకాలు చూడాలి. మూడేళ్లకు ఒకసారి కోశాధికారి మారాలి. దిగిపోయే రోజున లెక్క ఒప్పజెప్పి, సంఘమంతా లేచి నిలబడి ఆయనకు కృతజ్ఞతలు చెప్పాలి. ఇది మరచిపోకండి.

1903లో జాన్ రంగయ్యగారిని నాటాలులోని తెలుగు కూలీల మధ్యకు పంపినవి ఇక్కడి మన తెలుగు బాప్తిస్టు సంఘాలే. అవి ధనిక సంఘాలు కావు. సముద్రం దాటి వలసపోయిన మనవారి కొరకు ఇంటివద్ద ఉన్నవారు కానుక పెట్టారు. ఇచ్చిన డబ్బు చేరవలసిన చోటికి చేరుతుందని నమ్మి పెట్టారు. ఆ నమ్మకాన్ని మనం పారంపర్యంగా పొందాము. దానిని మన పిల్లలకు అప్పగించవలసి ఉంది.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు. నమ్మినవానిని లెక్క అడగవచ్చును. నమ్మినవానినే ముఖ్యంగా అడగాలి, అనుమానం పుట్టకముందే అడగాలి, అందరినీ ఒకే విధంగా అడగాలి. అప్పుడది అతనికి గాయం కాక కవచమవుతుంది.

ఆ పద్దు పుస్తకం ఇప్పుడు ఆ మందిరపు బీరువాలో ఉంది. కొత్తగా ఏర్పడే ప్రతి కోశాధికారికీ దానిని మొదట చూపిస్తారు. "నా చేతి నుండి" అని వ్రాసిన పదకొండు పద్దులూ చూపిస్తారు, పద్దు లేని ఆరు వందలూ చూపిస్తారు. ఆ ఇద్దరు యౌవనస్థులలో ఒకరు ఇప్పుడు ఆ సంఘంలో డీకను. పెద్దాయన సమాధి దగ్గరకు ఏటా వెళ్తారు. వారి భార్యను క్షమించమని అడిగినప్పుడు ఆమె అన్న మాట మాకు చెప్పారు: "ముందే అడిగి ఉండవలసింది నాయనా."

మీ సంఘంలో ఈ నెల చివరి ఆదివారమే మొదలుపెట్టండి. ప్రభువు మీ చేతులను, మీ పుస్తకాలను శుద్ధిగా కాపాడును గాక. ఆమేన్.